అభయభూమిలో మనం అతిథులం

స్తోత్రాలన్నీ అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన భూమిని మనకు నివాసంగా చేశాడు. అయితే అందులో మనల్ని ఒంటరిగా ఉంచలేదు, అసంఖ్యాకమైన జీవరాశులను మనతోపాటు నివసింపజేశాడు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!

గౌరవనీయులైన ధార్మిక సోదరులారా!

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో నివసించే మనకు అడవి ఎక్కడో పుస్తకాల్లో కనిపించే వస్తువు కాదు. పలమనేరు నుండి కుప్పం వెళ్ళే దారి కొంతమేర కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యం మీదుగానే సాగుతుంది. సెలవులు రాగానే మన యువకులు బండ్ల మీద కైగల్ జలపాతానికి బయలుదేరతారు. కుటుంబాలు హార్స్‌లీ కొండకు వెళతాయి. ఉపాధి కోసం కువైట్ తదితర గల్ఫ్ దేశాలకు వెళ్ళిన మన సోదరులు అక్కడి చలికాలంలో స్నేహితులతో కలిసి ఎడారిలో గుడారాలు వేస్తారు. ఇవన్నీ ధర్మసమ్మతమైన వినోదాలే. భూమిలో సంచరించి, సృష్టిని చూసి, సృష్టికర్తను గుర్తించమని దివ్య ఖుర్ఆన్ మనల్ని పదే పదే ప్రోత్సహిస్తుంది.

అయితే ఒక ప్రశ్న ఉంది. మూగజీవాలకు అభయమిచ్చిన నేలలో విశ్వాసి ఎలా అడుగుపెట్టాలి? యజమానిలాగానా, అతిథిలాగానా? ఈ ప్రశ్నకు మన చరిత్రలో స్పష్టమైన సమాధానం ఉంది. ఈనాటి ఖుత్బాలో దానిని గుర్తు చేసుకుందాం.

బలవంతుని హద్దు, బలహీనుని హక్కు

ఇస్లామ్‌కు పూర్వం అరేబియాలో 'హిమా' అనే ఆచారం ఉండేది. హిమా అంటే ఇతరులు ప్రవేశించకుండా కాపాడిన భూమి. వాన కురిసి పచ్చిక మొలిచిన చోటికి తెగ నాయకుడు వచ్చి, ఒక ఎత్తైన స్థలంలో కుక్కను మొరిగించేవాడు. ఆ అరుపు ఎంత దూరం వినిపిస్తే అంత దూరమూ అతని సొంతం. అందులో పేదవాని గొర్రె అడుగుపెట్టరాదు. నాయకుని మందలు మాత్రం అక్కడా మేసేవి, బయట అందరికీ చెందిన బీడులోనూ మేసేవి. ఇమామ్ షాఫయీ (రహ్మలై) ఈ ఆచారాన్ని వివరించారు. ఎడారిలో గడ్డిపోచ అంటే ప్రాణం. దానికి కుక్క అరుపుతో హద్దు గీయడమంటే బలహీనుల బ్రతుకును కాజేయడమే.

దైవప్రవక్త (సఅసం) ఈ దౌర్జన్యానికి స్వస్తి పలికారు. హిమా అల్లాహ్‌కు, ఆయన ప్రవక్తకు తప్ప మరెవరికీ చెందదని ప్రకటించారు. హజ్రత్ సఅబ్ బిన్ జస్సామా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీలో ఉంది. ఇకపై ఏ నేలనైనా కాపాడితే అది ఒక వ్యక్తి గొప్పతనం కోసం కాదు, సమాజ శ్రేయస్సు కోసమే కాపాడాలన్నది దీని సారాంశం. ఆ ప్రకారమే మదీనా సమీపంలోని నఖీఅ అనే లోయను ముస్లింల గుర్రాల మేతకోసం రక్షిత భూమిగా నిర్ణయించారు. అంతేగాక మక్కాలాగే మదీనాను కూడా హరమ్‌గా ప్రకటించారు. రెండు నల్లరాతి మైదానాల నడుమ ఉన్న ఆ ప్రాంతంలో చెట్లు నరకరాదు, జంతువులను వేటాడరాదు. ఒక నగరమూ, దాని చుట్టూ ఉన్న చెట్లూ, ఆ నీడన మేసే జింకలూ ఒకే అభయం కిందికి వచ్చాయి.

ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో షరఫ్, రబ్‌జా అనే మరి రెండు ప్రాంతాలు రక్షిత భూములయ్యాయి. హజ్రత్ అబూజర్ (రజి) తమ చివరి రోజులు గడిపిన చోటుగా రబ్‌జా పేరు మనలో చాలామందికి తెలుసు. ఆ భూమికి కాపలాదారుగా ఖలీఫా తాము విముక్తి కలిగించిన హునై అనే సేవకుణ్ణి నియమించారు. నియమిస్తూ ఆయనకు చేసిన ఉపదేశం బుఖారీలో నమోదై ఉంది. ప్రజల పట్ల మెతకగా ఉండమనీ, పీడితుని మొరకు భయపడమనీ హెచ్చరించారు. కొద్దిపాటి ఒంటెలు, కొద్దిపాటి గొర్రెలు ఉన్నవారిని లోపలికి రానివ్వమన్నారు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, ఉస్మాన్ (రజి) వంటి సంపన్నుల మందలను మాత్రం రానివ్వవద్దన్నారు. కారణం కూడా చెప్పారు. సంపన్నుల పశువులు చనిపోతే వారికి ఖర్జూరపు తోటలు, పొలాలు ఉన్నాయి. పేదవాని పశువులు చనిపోతే అతడు తన పిల్లలను వెంటబెట్టుకుని ఖలీఫా వాకిటికే వస్తాడు. అప్పుడు తాను కాదనగలడా అన్నది ఉమర్ (రజి) ప్రశ్న.

సోదరులారా, ఈ ఉపదేశాన్ని మనసులో పెట్టుకోండి. ఒక భూమిని కాపాడేటప్పుడు ఆ కాపుదల భారం ఎవరి మీద పడుతుందో చూడాలని ఉమర్ (రజి) నేర్పారు. కౌండిన్య అడవి విషయానికి వచ్చినప్పుడు ఈ మాట మళ్ళీ అవసరమవుతుంది.

గాయపడిన జింక దగ్గర ఒక కాపలా

ఇక, రక్షిత నేలలో మనిషి నడవడిక ఎలా ఉండాలి? దీనికి ఇహ్రామ్ కంటే గొప్ప పాఠశాల లేదు. ఇహ్రామ్ ధరించిన యాత్రికునికి భూమి మీది జంతువులను వేటాడటం నిషిద్ధం. మాయిదా సూరాలో ఈ నిషేధానికి ముందు ఒక హెచ్చరిక ఉంది. చేతులకు, ఈటెలకు అందేంత దగ్గరగా వేట జంతువులను పంపి, చూడకుండానే తనకు భయపడేవారెవరో అల్లాహ్ పరీక్షిస్తాడని అందులో తెలియజేయబడింది. జంతువు దగ్గరికి రావడం మనకు దొరికిన అవకాశం కాదు, మనకు పెట్టిన పరీక్ష అని దీని భావం.

హిమా హదీసును ఉల్లేఖించిన సఅబ్ బిన్ జస్సామా (రజి) జీవితంలోనే ఇందుకు ఒక ఉదాహరణ ఉంది. దైవప్రవక్త (సఅసం) ఇహ్రామ్ స్థితిలో ప్రయాణిస్తుండగా ఆయన ఒక అడవి గాడిదను ప్రేమతో కానుకగా సమర్పించారు. దైవప్రవక్త (సఅసం) దానిని స్వీకరించలేదు. సఅబ్ ముఖం చిన్నబోవడం గమనించి, తాము ఇహ్రామ్‌లో ఉన్నందువల్లనే తిరిగి ఇచ్చామని ఓదార్చారు.

మరొక సంఘటన ఇమామ్ మాలిక్ (రహ్మలై) గారి మువత్తాలో ఉంది. దైవప్రవక్త (సఅసం) సహచరులతో మక్కాకు ప్రయాణిస్తున్నారు. దారిలో ఒక చెట్టు నీడన బాణం గుచ్చుకున్న జింక ఒకటి ముడుచుకుని పడుకుని ఉంది. ఆయన ఒక మనిషిని పిలిచి దాని దగ్గర నిలబడమన్నారు. బిడారు అంతా దాటిపోయే వరకు ఎవరూ దానిని కదిలించకుండా చూడటం అతని పని. ఆలోచించండి. ఆ బిడారు సాగుతున్నది దైవగృహం వైపు. దానికి నాయకుడు దైవప్రవక్త (సఅసం). అయినా ఒక మూగజీవి విశ్రాంతి కోసం ఒక మనిషి సమయాన్ని కేటాయించారు. అక్కడ నడిచినవారంతా ఆ జింకను చూసే ఉంటారు. చూడటాన్ని ఎవరూ నిషేధించలేదు. దాని నెమ్మదిని భంగపరచడమే నిషిద్ధమైంది.

సహాబీలు ఈ పాఠాన్ని చక్కగా గ్రహించారు. మదీనాలో జింకలు మేస్తూ కనబడితే తాను వాటిని బెదరగొట్టనని హజ్రత్ అబూహురైరా (రజి) అనేవారు. చంపనని మాత్రమే కాదు, బెదరగొట్టనని అన్నారు. అలాగే, ప్రయాణంలో కొందరు సహాబీలు ఒక పక్షి పిల్లలను తీసుకోగా తల్లిపక్షి రెక్కలు కొట్టుకుంటూ వారి చుట్టూ తిరిగింది. దైవప్రవక్త (సఅసం) అది చూసి, పిల్లలను దాని దగ్గర తిరిగి ఉంచమని ఆజ్ఞాపించారు. రాత్రిపూట మజిలీ చేసేటప్పుడు దారిని వదిలి పక్కకు దిగాలనీ, రాత్రివేళ అది జంతువులు తిరిగే త్రోవ అనీ ఆయన బోధించినట్లు ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. పగలు మనం నడిచే దారి రాత్రి వేరొకరిది. ఆ హక్కును పద్నాలుగు వందల ఏళ్ళ క్రితమే గుర్తుచేసిన ధర్మం మనది.

అరబ్బు ఎడారి చెప్పే గుణపాఠం

ఈ పాఠాన్ని మరిచిపోతే ఏమవుతుందో కూడా అరేబియా ఎడారే మనకు చూపించింది. తెల్లని ఒళ్ళు, పొడవైన నిటారు కొమ్ములు గల ఒరిక్స్ అనే జింక జాతి అక్కడ ఉండేది. అరబ్బులు దానిని 'మహా' అంటారు. శతాబ్దాల తరబడి ఒంటెల మీద, కాలినడకన సాగిన వేటను ఆ జాతి తట్టుకుంది. మోటారు వాహనాలు, దూరం నుండి కాల్చే తుపాకులు వచ్చాక తట్టుకోలేకపోయింది. 1972లో ఒమన్‌లోని జిద్దతుల్ హరాసీస్ మైదానంలో చివరి అడవి ఒరిక్స్ వేటగాళ్ళ తుపాకికి బలి అయింది.

అల్లాహ్ దయవల్ల ఆ జాతి పూర్తిగా అంతరించలేదు. 1962 నుండే కొందరు దానిని కాపాడే ప్రయత్నం మొదలుపెట్టారు. అడవిలో పట్టుకున్నవి మూడు, లండన్ జంతు ప్రదర్శనశాల ఇచ్చినది ఒకటి, కువైట్ పాలకుడు ఇచ్చినది ఒకటి, సౌదీ రాజు ఇచ్చినవి నాలుగు, మొత్తం తొమ్మిది జంతువులతో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో ఒక మందను పెంచారు. ఆ సంతతిని 1982లో తిరిగి ఒమన్ ఎడారిలో వదిలారు. అక్కడి హరాసీస్ తెగవారే వాటికి కాపలాదారులయ్యారు. 1994లో ఆ ప్రాంతం యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందింది.

కాని కథ అక్కడితో ముగియలేదు. 1996 నాటికి దాదాపు 450కి పెరిగిన మంద, దొంగవేట వల్ల 2007 నాటికి 65కు పడిపోయింది. రక్షిత ప్రాంతాన్ని కూడా పదింట తొమ్మిది వంతులు కుదించారు. దాంతో యునెస్కో ఆ స్థలాన్ని జాబితా నుండి తొలగించింది. ఆ జాబితా నుండి ఒక స్థలాన్ని తొలగించడం అదే మొదటిసారి. మరోవైపు సౌదీ అరేబియాలో మహాజతుస్సయ్ద్, ఉరూఖ్ బనీ మఆరిజ్ అనే అభయభూములలో ఒరిక్స్ మళ్ళీ నిలదొక్కుకుంది. పేరు, హద్దు, బోర్డు ఇవేవీ తమంతట తాముగా ఒక ప్రాణిని కాపాడలేవు. ఆ హద్దులోకి వచ్చే మనిషి హృదయంలో దైవభీతి ఉండాలి.

గల్ఫ్‌లో ఉన్న మన సోదరులకు ఒక మాట. ఎడారి ఖాళీ నేల కాదు. పైపొర గట్టిపడి కింది ఇసుకను పట్టి ఉంచుతుంది. ఆ పొరలో అర్ఫజ్ వంటి చిన్న పొదలు వేళ్ళూనుకుంటాయి. వాటి నీడనే బల్లులు, పక్షులు, కుందేళ్ళు బ్రతుకుతాయి. బాట వదిలి ఆటగా నడిపిన ఒక్క బండి చక్రాలు ఆ పొరను చీల్చితే అది కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది. మన పిల్లలకు ఆ వినోదం ఒక గంట. ఆ పొదకు అది జీవితం.

కౌండిన్య అడవికి తిరిగివచ్చిన నివాసులు

ఇప్పుడు మన ఊళ్ళ వైపు వద్దాం. హార్స్‌లీ కొండకు పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన ఒక బాలిక గురించి జనం చెప్పుకునే గాథ నుండి ఆ పేరు వచ్చిందంటారు. గాథ సంగతి ఎలా ఉన్నా, ఈ కొండలలో ఒకనాడు ఏనుగులు తిరిగేవన్న జ్ఞాపకం ఆ పేరులో మిగిలింది. ఆ తర్వాత సుమారు రెండు వందల ఏళ్ళపాటు ఈ అడవులలో ఏనుగులు లేవు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుండి అవి మళ్ళీ ఇటు వచ్చాయి. అక్కడ అడవులు తరిగిపోవడం, మేత, నీరు కరువవడం వాటిని కదిలించాయి. కడుపు కోసం ఊరు వదిలి వెళ్ళే బాధ మన ప్రాంతం వారికి వివరించనవసరం లేదు.

వాటి కోసం 1990లో సుమారు 357 చదరపు కిలోమీటర్ల అడవిని కౌండిన్య అభయారణ్యంగా ప్రకటించారు. 2003లో ఈ ప్రాంతం రాయల ఏనుగుల రిజర్వుగా కూడా గుర్తింపు పొందింది. ఇది దట్టమైన వానల అడవి కాదు. ముళ్ళ పొదలు, ఎండాకాలంలో ఆకు రాల్చే చెట్లు గల మెట్ట అడవి. నీరు తక్కువ. అందుచేత వాగులు, చెరువులే అక్కడి జీవులకు ఆధారం. అడవి అంచునే వరి, చెరకు, రాగి పొలాలు, మామిడి తోటలు ఉన్నాయి. ఏనుగులు పొలాలలోకి దిగుతాయి. రైతు ఏడాది కష్టం ఒక్క రాత్రిలో నేలమట్టమవుతుంది. మనుషులు ప్రాణాలు కోల్పోయారు. విద్యుత్ తీగలు తగిలి ఏనుగులూ ప్రాణాలు కోల్పోయాయి. కందకాలు తవ్వారు, సౌరవిద్యుత్ కంచెలు వేశారు. 2025లో కర్ణాటక ప్రభుత్వం శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను మన రాష్ట్రానికి అప్పగించింది. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం ఏర్పడింది. సమస్య తగ్గవచ్చునేమో గాని తీరిపోలేదు.

ఏనుగు అనగానే మనకు ఫీల్ సూరా, అబ్రహా సైన్యం గుర్తుకు వస్తాయి. సీరత్ గ్రంథాల ప్రకారం ఆ సైన్యంలోని ఏనుగు కాబా వైపు నడవడానికి నిరాకరించి కూలబడింది. నేరం మూగజీవానిది కాదు, దానిని తోలుకొచ్చినవానిది. నేడు మన పొలాల మీదికి వచ్చే ఏనుగు కూడా మన శత్రువు కాదు. దాని వల్ల నష్టపోయే రైతు దానికి శత్రువు కాదు. ఇద్దరూ అదే నీటి కోసం, అదే మేత కోసం ఇరుకున పడినవారు.

ఇక్కడే ఉమర్ (రజి) ఉపదేశం గుర్తుకు రావాలి. ఈ అడవిని కాపాడే భారం ఎవరి మీద పడుతోంది? రాత్రంతా మేలుకుని పొలం కాసే చిన్న రైతు మీద, మేకలు తోలుకునే పేదవాని మీద, కర్ర, టార్చిలైటు పట్టుకుని తిరిగే అటవీ సిబ్బంది మీద. పట్టణం నుండి ఒక పూట వచ్చి పోయే మన మీద ఏ భారమూ లేదు. భారం లేనివాడు మరింత జాగ్రత్తగా ఉండాలి. పొలంలో ఏనుగు నిలిచిందని తెలియగానే వందలమంది పోగై, కేకలు వేసి, సెల్‌ఫోన్లు పట్టుకుని వెంటబడితే ఏమవుతుంది? బెదిరిన ఏనుగు పరుగెత్తుతుంది. అది తొక్కేది మన ఇంటి వాకిలి కాదు, ఆ రైతు పంట. ఒక్కోసారి ఆ రైతునే. మన సరదా మరొకరి ప్రాణానికి ముప్పు తెస్తే అల్లాహ్ ముందు ఏమని జవాబు చెబుతాం?

వెళ్ళేవారికి కొన్ని నియమాలు

సోదరులారా, అడవికి వెళ్ళవద్దని చెప్పడం ఈ ఖుత్బా ఉద్దేశం కాదు. వెళ్ళండి. అయితే అతిథిలా వెళ్ళండి. అతిథి ఇంటివారి అనుమతి అడుగుతాడు. అభయారణ్యంలో ఎక్కడికి, ఏ వేళ వెళ్ళవచ్చో అటవీ సిబ్బందిని అడగండి, వారి మాట వినండి. చీకటి పడకముందే తిరిగి రండి. సంధ్య నుండి ఉదయం వరకు ఆ దారులు, ఆ నీటి రేవులు జంతువులవి. సాలిహ్ ప్రవక్త (అలైహిస్సలాం) జాతికి పరీక్షగా వచ్చిన ఆడ ఒంటెకు నీటిలో వంతు నిర్ణయించబడింది. ఆ వంతును సహించలేనివారి గతి ఏమైందో మనకు తెలుసు.

అతిథి ఇంటిని మురికి చేయడు. దారిలోని హానికర వస్తువును తొలగించడం విశ్వాసంలో భాగమని నేర్చుకున్న మనం, జలపాతం దగ్గర పగిలిన సీసాలు, పాలిథిన్ సంచులు, బిర్యానీ పొట్లాలు వదిలి రావడం ఎంత సిగ్గుచేటు! నీటి రేవులలో, నీడలో, బాటలో మలవిసర్జన చేయడం శాపానికి గురిచేసే పనిగా దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. వాగులో బండ్లు కడిగి నూనె కలపడం కూడా ఆ హెచ్చరికకు దూరమైనది కాదు. తీసుకెళ్ళిన ప్రతి వస్తువునూ తిరిగి ఇంటికి తీసుకురండి.

అతిథి ఇంటికి నిప్పు పెట్టడు. ఎండాకాలంలో ఈ అడవి ఎండుటాకుల పరుపులా ఉంటుంది. ఆర్పకుండా వదిలిన పొయ్యి, విసిరేసిన బీడీ ముక్క చాలు. భోజనం ఇంట్లో వండుకుని తీసుకెళ్ళండి. అతిథి పెద్దగా కేకలు వేయడు; కాబట్టి పాటల పెట్టెలు, హారన్లు వద్దు. జంతువులకు ఆహారం వేయడం దయ అనిపించవచ్చు. కాని మన చేతి తిండికి అలవాటుపడిన కోతి రోడ్డు మీదికి వస్తుంది, చక్రాల కింద పడుతుంది. దాహంతో అలమటిస్తున్న కుక్కకు నీరు పోసినవాని పుణ్యం వేరు, వినోదం కోసం అడవి జంతువుకు చిరుతిండి విసరడం వేరు.

మన దేశ చట్టం కూడా ఇదే చెబుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో జంతువులను వేధించడం, చెత్త వేయడం, నిప్పు పెట్టడం నిషిద్ధం. అధికారి చూడనప్పుడు చట్టాన్ని తప్పించుకోవచ్చు. విశ్వాసికి మాత్రం చూసేవాడు ఎల్లప్పుడూ ఉన్నాడు.

చివరగా, అతిథి ఇంటివారిని పలకరిస్తాడు. అడవి అంచు పల్లెలలో ఆగండి. పంట పోయిన రైతు గోడు వినండి. పరిహారం దరఖాస్తు రాయడం తెలియని వానికి మన చదువుకున్న యువకులు ఒక కాగితం రాసి పెట్టగలరు. ఆ రైతు ఏ మతం వాడైనా సరే, పొరుగువాని హక్కు పొరుగువానిదే.

ధార్మిక సోదరులారా! భూమిపై సంచరించే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు మనవంటి సముదాయాలేనని అన్ఆమ్ సూరా మనకు బోధిస్తుంది. పిల్లిని కట్టివేసి ఆకలితో చంపిన స్త్రీ శిక్షకు గురైందనీ, దాహంతో ఉన్న కుక్కకు నీరు తాపినవాడు క్షమాపణ పొందాడనీ మన ప్రవక్త (సఅసం) తెలియజేశారు. రేపు ప్రళయదినాన మన నమాజులతోపాటు మన విహారయాత్రలు కూడా లెక్కకు వస్తాయి. ఆనాడు కైగల్ వాగు, కౌండిన్య అడవి, కువైట్ ఎడారి మనకు అనుకూలంగా సాక్ష్యమిచ్చేలా నడుచుకుందాం.

ఓ అల్లాహ్! నీ భూమిపై మమ్మల్ని వినయంతో నడిచేవారిగా చేయి. నీవు అభయమిచ్చిన ప్రాణులకు మా చేతుల వల్ల, మా నిర్లక్ష్యం వల్ల హాని కలగకుండా కాపాడు. అడవి అంచున నివసించే రైతుల ప్రాణాలను, పంటలను రక్షించు. మా మెట్ట నేలపై సకాలంలో వానలు కురిపించు. ఆమీన్.